చల్లటి నీళ్లలో కయాక్ వేట: చేతులు మాట వినే పది నిమిషాలు

నీళ్ల కింద చేపల జాడ చూపించే ఫిష్ ఫైండర్ తెర మీద ఓ మూలన చిన్న అంకె కనిపిస్తుంటుంది. అది నీటి పైపొర ఉష్ణోగ్రత. చేప మేతకు పైకొస్తుందా, అడుగునే ఉండిపోతుందా అని లెక్కేసుకోవడానికి అందరూ దాన్ని చూస్తారు. కయాక్‌లో, అంటే తెడ్డుతోనో పెడళ్లతోనో నడిపే చిన్న పడవలో, కూర్చున్న మనిషికి ఎంత ముప్పుందో చెప్పేది కూడా ఆ అంకే. అది 21 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే జాగ్రత్త మొదలవ్వాలి. 15 కంటే దిగితే నీళ్లలో పడ్డవాడి ఊపిరి వాడి అదుపులో ఉండదు. 10 కంటే దిగితే చేతులు కూడా ఎక్కువసేపు మాట వినవు.

చల్లటి నీళ్లలో పడ్డవాళ్లు ఒళ్లు చల్లబడిపోయి చనిపోతారని చాలామంది అనుకుంటారు. ఒళ్లు లోపలిదాకా చల్లబడి స్పృహ తప్పడానికి చాలాసేపు పడుతుంది. చాలాసార్లు ప్రాణం అంతకు ఎంతో ముందే పోతుంది: ఎగశ్వాసలో నీళ్లు మింగడం వల్లనో, వేళ్లు కొంకర్లు పోయి పడవ పట్టు జారడం వల్లనో. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి ప్రభావం మీద పరిశోధనలు చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని మూడంకెల్లో చెప్పాడు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. కాళ్లూ చేతులూ పనికొచ్చేలా కదిలేది 10 నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. గడ్డకట్టడానికి దగ్గరగా ఉన్న నీటికి వేసిన ముతక లెక్క ఇది. చివరి గంట లైఫ్ జాకెట్ ఉన్నవాడికే దక్కుతుంది.

కయాక్ వేటగాడికి ఈ మూడింట్లో ముఖ్యమైనది మధ్యలో ఉన్న పది. కొనే ప్రతి సామాను గురించీ, కట్టే ప్రతి ముడి గురించీ ఒకటే ప్రశ్న వేసుకోవాలి: వేళ్లు మొద్దుబారుతున్న ఆ పది నిమిషాల్లో ఇది పనిచేస్తుందా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటాం కదా, ఇక్కడ చేతులు గడ్డకట్టాక ఆకులు కూడా పట్టుకోలేం.

మొదటి నిమిషం

చర్మం ఒక్కసారిగా చల్లబడగానే నోరు తెరుచుకుని పెద్ద ఊపిరి దానంతట అదే లోపలికి వస్తుంది. ఆపుదామన్నా ఆగదు. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది గాలి కాదు, నీళ్లు. లైఫ్ జాకెట్ తొడుక్కుని ఉండాలని చెప్పడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. సీటు వెనక పెట్టిన జాకెట్ లేనట్టే లెక్క. నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కోవడం ఎంత కష్టమో ఒకసారి వేసవిలో, గోరువెచ్చటి నీళ్లలో ప్రయత్నించి చూడండి.

ఆ తర్వాత ఊపిరి కుక్క రొప్పినట్టు రొప్పుతుంది. గుండె వేగం, రక్తపోటు రెండూ పెరుగుతాయి. మామూలుగా దాదాపు ఒక నిమిషం ఊపిరి బిగబట్టగలిగే మనిషి కూడా ఆ చలిలో పది సెకన్లు పట్టలేకపోవచ్చు. ఈ దశలో పని ఒక్కటే: పడవనో దాని హ్యాండిల్‌నో పట్టుకుని, తల వెనక్కి వాల్చి తేలడం, నోటితో నెమ్మదిగా బయటికి ఊదడం. లోపలికి పీల్చడం గురించి ఆలోచించనక్కర్లేదు, అదెలాగూ జరుగుతుంది. ఎక్కాలి, ఎక్కాలి అని వెంటనే పెనుగులాడితే ఊపిరీ పోతుంది, బలమూ పోతుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు నిమిషాల్లో రొప్పు దిగుతుంది. నాలుగు మాటలు వరసగా, తడబడకుండా అనగలిగితే ఊపిరి చిక్కినట్టే. పని అప్పుడు మొదలుపెట్టాలి.

పట్టుకోవాల్సింది పడవని అని మళ్లీ చెబుతున్నా. రాడ్‌ని కాదు, తేలుతున్న టోపీని కాదు. గాలి వీస్తుంటే ఖాళీ కయాక్ మీరు ఈదేదానికంటే వేగంగా కొట్టుకుపోతుంది. రెండు బారలు దూరమైతే ఇక దాన్ని మరచిపోవాల్సిందే.

ఒంటి మీద ఏముండాలి

గాలికంటే నీరు సుమారు 25 రెట్లు బాగా వేడిని లాగేస్తుంది. అందుకే ఎండ చూసి కాక నీటిని చూసి బట్టలు వేసుకోవాలి. ఈ మాట పాటించడం అన్నిటికంటే కష్టమయ్యేది వసంతంలో. గాలి 20 డిగ్రీలుంటుంది, ఎండ హాయిగా ఉంటుంది, నీరు మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటుంది. నీరు వేడెక్కడం గాలికంటే వారాల తరబడి వెనకబడుతుంది. మంచు అప్పుడే కరిగిన చెరువులో నీరు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. చేపలు మెదలడం మొదలయ్యేదీ, వేటకు చేతులు దురదపెట్టేదీ సరిగ్గా అప్పుడే.

15 డిగ్రీల లోపు నీళ్లకు డ్రైసూట్, అంటే ఒంటికి నీళ్లు తగలనివ్వని సూట్, కావాలి. దీనిమీద నాకు రెండో అభిప్రాయం లేదు. నీరు అంతకంటే వెచ్చగా ఉంటే, ఒడ్డుకు దగ్గరగా తిరిగేవాళ్లకు 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ (నురుగు రబ్బరు) వెట్‌సూట్ సరిపోవచ్చు. డ్రైసూట్ దానంతట అది వెచ్చదనం ఇవ్వదు. నీళ్లను ఆపడమే దాని పని, వెచ్చదనం లోపలి పొరలది. ఒంటికి తగిలేది పలచటి మెరినో ఉన్ని గానీ సింథటిక్ గానీ, దానిపైన ఫ్లీస్. నూలు బట్ట లోపల ఎక్కడా ఉండకూడదు, చెమటకే తడిసి ఆరకుండా ఉండిపోతుంది.

డ్రైసూట్ ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోవాలి. మొదటిది మూత్రానికి పెట్టిన జిప్. చివరి రెండు సెంటీమీటర్లు మూయకుండా వదిలేస్తే చాలు, పడ్డాక సూట్ కాళ్లదాకా నిండుతుంది. జిప్ లాగాక వేలితో చివరిదాకా తడిమి చూడాలి, పక్కవాడి చేత చూపించుకోవాలి. ఈ జిప్‌తో పడలేక నీళ్లు తాగడమే మానేసేవాళ్లు ఉన్నారు. ఒంట్లో నీరు తగ్గితే నీరసం వస్తుంది, కాబట్టి ఆ తెలివి పనికిరాదు. రెండోది మెడ, మణికట్టు దగ్గరి లాటెక్స్ పట్టీలు. కొత్త సూట్ మెడ నొక్కేస్తుంటే వెంటనే కత్తెర పట్టకండి. మెడకంటే కాస్త లావైన గిన్నె మీద ఒక రాత్రి సాగదీసి ఉంచండి. అప్పటికీ బిగుతుగా ఉంటే ఒక్కో సన్నటి వలయం చొప్పున కోస్తూ, ప్రతిసారీ తొడిగి చూడండి. కోసింది తిరిగి రాదు. సన్‌స్క్రీన్, దోమల మందు, నూనె ఏవి తగిలినా లాటెక్స్ పాడవుతుంది. పట్టీ జిగటగా మారినా, సాగదీస్తే సన్నటి పగుళ్లు కనిపించినా మార్చేయాలి.

సూట్‌లో చిల్లులున్నాయేమో చూడటం తేలిక. మణికట్లలో సీసాలు, మెడలో సరిపోయే గిన్నె దూర్చి, జిప్ కొంచెం తెరిచి గాలి నింపి మూసేయండి. సబ్బు నీళ్లు చల్లితే బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ చిల్లు. నీళ్లలోకి దిగే ముందు మాత్రం లోపలి గాలిని బయటికి పంపాలి. గొంతుక్కూర్చుని, మోకాళ్లు కావలించుకుని, మెడ పట్టీని వేలితో కాస్త తెరిస్తే గాలి బుస్సుమని పోతుంది. ఇది చేయకపోతే పడ్డప్పుడు గాలి కాళ్లలో చేరి, కాళ్లు పైకి తేలి, ఒంటిని అదుపు చేసుకోవడం కష్టమవుతుంది.

ఛాతీదాకా వచ్చే వేడర్లు, అంటే నీళ్లు చొరని పొడుగు ప్యాంట్లు, వేసుకుని తిరిగేవాళ్లు చాలామంది. వేడర్లలో నీళ్లు నిండితే రాయిలా కిందికి లాగేస్తాయన్నది అపోహ. నీళ్లలో ఉన్న నీళ్లకు బరువుండదు. అసలు కష్టం పైకి ఎక్కేటప్పుడు. నిండిన వేడర్లతో ఒంటిని పడవ మీదికి లాగడమంటే ఆ నీళ్లన్నిటినీ మోయడమే. పైగా నీళ్లు చేరాక చలినుంచి ఏ రక్షణా ఉండదు. నడుముకు బెల్టు బిగిస్తే కొంత మేలు. అయినా 10 డిగ్రీల నీళ్లకు వేడర్లు సరైన బట్టలు కావు.

లైఫ్ జాకెట్‌లో ఫోమ్ నింపినదే నా ఓటు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో ఉబ్బేవి తేలిగ్గా ఉంటాయి నిజమే. చేత్తో లాగి ఉబ్బించేదైతే రొప్పుతున్న మనిషి ఆ పిడిని వెతుక్కోవాలి. దానంతట అది ఉబ్బేదైతే తుంపర్లకే ఉబ్బవచ్చు. ఉబ్బాక ఛాతీ మీద రెండు దిండ్లు పెట్టుకుని పడవ ఎక్కడం ఎంత ఇబ్బందో ఎక్కినవాళ్లకే తెలుస్తుంది. ఫోమ్ అయితే ఛాతీకి కొంత వెచ్చదనం కూడా. డ్రైసూట్ వేసుకున్నాక జాకెట్ పట్టీలు మళ్లీ సరిచేసి, భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టు. వేట జాకెట్లకు ముందువైపు బోలెడు జేబులుంటాయి. వాటినిండా ఎరల పెట్టెలు కుక్కితే ఎక్కేటప్పుడు అవి పడవ అంచుకు తట్టుకుంటాయి. ముందువైపు పలచగా ఉండాలి.

చేతులకు నియోప్రీన్ గ్లవ్స్ ఉంటే ముడులు వేయడం కుదరదని తీసేస్తారు. వేళ్ల చివర్లు తెరిచి ఉండేవి వేటకు, పూర్తి వేళ్లవి ప్రయాణానికి, రెండు జతలు ఉంచుకోవాలి. పలచటి నియోప్రీన్ టోపీ జాకెట్ జేబులో పట్టేస్తుంది. తడిసిన తలకు గాలి తగలకుండా చేసేది అదే.

తిరిగి ఎక్కడం

ఇక్కడ చెప్పేది పైన కూర్చునే రకం కయాక్ గురించి. వేటకు ఎక్కువగా వాడేది అదే. వెడల్పు 80 నుంచి 90 సెంటీమీటర్లు, పెడల్ రకమైతే బరువు 40 కిలోలకు అటూ ఇటూ. ఇంత వెడల్పుది అంత తేలిగ్గా బోల్తా పడదు. ఒకసారి పడిందా, అంత తేలిగ్గా మళ్లీ నిటారుగా రాదు కూడా. తిరగడానికి తాడు కావాలి. పక్క హ్యాండిల్‌కు పడవ వెడల్పుకు సుమారు రెట్టింపు పొడవున్న చదును పట్టీ కట్టి, చివర పిడికిలి దూరేంత ఉచ్చు వేసి, మడిచి సాగే తాడు కింద దోపండి. వేళ్లు వంగకపోయినా మణికట్టు దూర్చి లాగగలిగేలా ఉండాలి.

ముందు అల ఎటునుంచి వస్తోందో చూసి, ఆ వైపే మీరుండాలి, పడవ మీకు అవతల ఉండాలి. తారుమారైతే అల పడవను మొహం మీదికి తెచ్చి కొడుతుంది. పట్టీని తలకిందులైన అడుగు మీదుగా మీ వైపు వేసుకుని, మోకాళ్లు దగ్గరి అంచుకు ఆనించి, బరువంతా వెనక్కి వేయండి. చేతుల బలంతో లాగితే రాదు, ఒంటి బరువుతో వస్తుంది. పడవ నిలబడుతుండగా అంచు వేగంగా దిగుతుంది, మొహం పక్కకు పెట్టుకోవాలి.

నిలబడ్డాక ఎక్కడంలో మూడు మెట్లు: బొడ్డు, పిరుదులు, పాదాలు. సీటు పక్కన రెండు చేతులూ ఆనించి, ముందు కాళ్లను వెనక్కి నీటి పైకి తేవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. కాళ్లు కిందికి వేలాడుతుండగా పైకి లాగుకుంటే అవి పడవ కిందికి పోతాయి, పడవ మళ్లీ మీ మీదికే తిరుగుతుంది. ఒళ్లు నీటి మీద బల్లపరుపుగా వచ్చేదాకా కాళ్లు కొట్టి, ఆ ఊపులోనే చేతులతో పడవను కిందికి నొక్కుతూ ఛాతీ కిందికి లాక్కోవాలి. పైకి ఎక్కుతున్నట్టు కాకుండా పడవను కిందికి తోసుకుంటున్నట్టు ఉండాలి. బొడ్డు పడవ మధ్యగీత మీదికి వచ్చేదాకా ఆగకూడదు, అంతవరకు వచ్చాక ఒక ఊపిరి తీసుకోవచ్చు. తర్వాత ఒళ్లు తిప్పి పిరుదులు సీట్లో వేయాలి. కాళ్లు ఇంకా బయటే ఉంటాయి, అవి రెండు వైపులా వేలాడితే పడవ కదలదు. చివరికి కాళ్లు లోపలికి.

ఇది మూడుసార్లు ప్రయత్నించేంత బలమే ఉంటుందని లెక్కేసుకోండి. బలం చాలనివాళ్లు కాలు పెట్టడానికి ఒక ఉచ్చు కట్టుకోవచ్చు. అది మోకాలి ఎత్తుకు అందేలా ఉండాలి, మరీ పొడుగైతే కాలు పడవ కిందికి జారి ఉచ్చు దండగ. సాధన మొదట వెచ్చటి నీళ్లలో, నడుములోతులో, ఖాళీ పడవతో. తర్వాత లోతులో. ఆ తర్వాత వేటకు వెళ్లే పూర్తి బట్టలతో, సామాను కట్టిన పడవతో, పక్కన మనిషి ఉండగా చల్లటి నీళ్లలో. ఖాళీ పడవతో చేసిన సాధన సగం సాధనే. రాడ్ హోల్డర్లు, ఫిష్ ఫైండర్ స్తంభం, పెడళ్లు ఏ చోట పొట్టకు గుచ్చుకుంటాయో అప్పుడే తెలుస్తుంది. ఆ అనుభవంతో పడవకు ఒక పక్క పూర్తిగా ఖాళీ చేసి, ఎప్పుడూ ఆ పక్కనుంచే ఎక్కాలి.

పడవ మీద సామాను, పడవ కడుపులో నీళ్లు

ప్రతిదానికీ తాడు కట్టమని కొందరంటారు. ఆరు తాళ్లు కడితే పడవ తిరగబడ్డప్పుడు ఆరు తాళ్లూ కాళ్ల చుట్టూ ఉంటాయి. రాడ్‌లు పడుకోబెట్టి బిగించుకునే వీలుంటే తాడు అక్కర్లేదు. పెడల్ యంత్రానికి మాత్రం కట్టాలి, తలకిందులైతే అది జారి అడుగుకు పోతుంది. తెడ్డుకు కూడా కట్టాలి, అది లేకపోతే ఎక్కినా కదల్లేం. కత్తి జాకెట్ మీదే, ఏ చేతికైనా అందేలా, మొన మొండిగా, అంచుకు పళ్లతో ఉండాలి. సన్నటి పోగులతో అల్లిన గాలపు లైన్ మామూలు కత్తికి అంత తేలిగ్గా తెగదు, చేతికి చుట్టుకుంటే మాత్రం చర్మం కోసేస్తుంది. పెద్ద చేప లాగుతుంటే లైన్‌ని ఎప్పుడూ చేతికి చుట్టకండి. చేపను అందుకోవడానికి వంగేటప్పుడు తల పడవ అంచు దాటకూడదు. తల ఎటు పోతే ఒళ్లు అటు పోతుంది.

లంగరు పక్కనుంచి వేయకూడదు. ప్రవాహం పడవను అడ్డంగా పట్టి, లంగరు తాడు వైపు అంచును ముంచేస్తుంది. ముక్కుకు గానీ తోకకు గానీ తాడును జరిపే ట్రాలీ ఉండాలి, ఒక్క లాగుతో వదిలేసే ముడి ఉండాలి, వదిలేశాక తాడు తేలేలా చివర తేలే బంతి ఉండాలి.

అందరూ మరిచేది పడవ కడుపు. నీళ్లు దిగే రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ పగుళ్లు, ఫిష్ ఫైండర్ తీగకు కొట్టిన చిల్లు, అరిగిన మూత రబ్బరు, ఒడ్డున మరిచిన బిరడా... ఎటునుంచో నీళ్లు చేరతాయి. పడవ ఎటు వంగితే లోపలి నీళ్లు అటే పరుగెత్తి ఇంకా వంచుతాయి. ఎన్నేళ్లుగానో నిలకడగా ఉన్న కయాక్ ఉన్నట్టుండి బోల్తా పడిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పడవ బద్ధకంగా కదిలినా, తోక కిందికి దిగినా, అటూ ఇటూ ఊపితే లోపల గలగలమన్నా నీళ్లున్నట్టే. గంటకోసారి ఊపి చూడండి. చేతి పంపు, స్పాంజి వెంట ఉండాలి. లోపల ఖాళీలో గాలి సంచులో ఫోమ్ దిమ్మెలో కూరితే నీళ్లు చేరడానికి చోటు తగ్గుతుంది.

ఒంటిని సిద్ధం చేసుకోవడం

కయాక్ వేటకు జిమ్ బలం కంటే రెండు మూడు ప్రత్యేకమైన బలాలు కావాలి. మొదటి పరీక్ష ఈతకొలనులో చేయొచ్చు. లోతు వైపు, నిచ్చెన పట్టుకోకుండా, లైఫ్ జాకెట్‌తో గట్టు మీదికి ఎక్కండి. అడుగు కాలికి తగలకూడదు. వరసగా ఐదుసార్లు ఎక్కలేనివాళ్లు పడవ మీదికి ఎక్కుతామని నమ్మకం పెట్టుకోకూడదు. దానికి కావాల్సింది కాళ్లు కొట్టడం, ఛాతీ భుజాలతో నొక్కడం, నడుము తిప్పడం. గట్టు పట్టుకుని అరనిమిషం చొప్పున ఆరుసార్లు గట్టిగా కాళ్లు కొట్టడం, పుష్-అప్‌లు, బల్ల మీద చేతులానించి ఒళ్లు దించి లేపే డిప్‌లు, రెండు పక్కలకూ నడుము తిప్పే వ్యాయామం వారానికి మూడు రోజులు చేస్తే రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. భుజం కీలుకు రబ్బరు పట్టీతో చేసే చిన్న వ్యాయామాలు విసుగ్గా ఉంటాయి, కానీ నాలుగు గంటలు తెడ్డు వేసే భుజాన్ని కాచేవి అవే.

కాళ్లు చాపుకుని గంటలు గంటలు కూర్చుంటే తొడ వెనక నరాలు, తుంటి బిగుసుకుపోతాయి. ఆ స్థితిలో పడితే కాళ్లు కొట్టడానికి రావు. అరగంటకోసారి మడమలు తిప్పడం, మోకాళ్లు ముడవడం, నడుము పక్కలకు తిప్పడం అలవాటు చేసుకోవాలి. వేళ్లు చల్లబడుతుంటే చేతులు రుద్దుకోవడం కంటే పది నిమిషాలు గట్టిగా తెడ్డు వేయడం మేలు.

చలికి ఒంటిని అలవాటు చేయడం కూడా కుదురుతుంది. పోర్ట్‌స్మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్, ఆయన బృందం చేసిన పరిశోధనల ప్రకారం, మూడేసి నిమిషాల చొప్పున ఐదారుసార్లు చల్లటి నీళ్లలో మెడదాకా ఉంటే మొదటి నిమిషపు రొప్పు సుమారు సగానికి తగ్గుతుంది. ఆ అలవాటు నెలల తరబడి కొంత నిలుస్తుంది కూడా. దూకకూడదు, నడిచి దిగాలి, తల ముంచకూడదు, పక్కన మనిషి ఉండాలి. గుండె జబ్బు, రక్తపోటు, లయ తప్పే గుండె ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోకూడదు. చలి దెబ్బ గుండెను ఉరికిస్తుంటే, మొహం నీళ్లలో మునిగినప్పుడు వచ్చే స్పందన దాన్ని నెమ్మదింపజేయాలని చూస్తుంది. ఆ రెండూ ఒకేసారి జరిగితే లయ తప్పవచ్చు.

ఈ అలవాటు ఊపిరికే పనిచేస్తుంది. వేళ్లు మొద్దుబారే వేగాన్ని పెద్దగా మార్చదు. రోజూ చన్నీళ్ల స్నానం చేస్తున్నాను, నాకు డ్రైసూట్ ఎందుకు అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

బయల్దేరే ముందు కడుపునిండా తినాలి. వణకడానికి కూడా ఇంధనం కావాలి. ఫ్లాస్కులో తియ్యటి వేడి పానీయం, చేతి తొడుగులతోనే విప్పగలిగే చిరుతిండి. మద్యం మాత్రం వద్దు. వెచ్చగా అనిపించేది చర్మానికి, చల్లబడేది లోపలి ఒళ్లు.

గాలి, దూరం, తోడు

ఒడ్డునుంచి లోపలికి వీచే గాలి అన్నిటికంటే మోసకారి. ఒడ్డు పక్కన నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎందుకంటే గాలిని ఒడ్డే కాస్తోంది. లోపలికి పోయేకొద్దీ అలలు లేస్తాయి, తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లాలి, వచ్చేటప్పుడు అదే ఒడ్డుకు తోస్తుంది. 11 నుంచి 16 నాట్ల (గంటకు సుమారు 20 నుంచి 30 కిలోమీటర్ల) గాలి, అంటే గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ కొలతలో 4, అలల తలలు తెల్లబడే దశ. చల్లటి నీళ్లలో నేను గీసే గీత అంతకు ముందే. పోటు ఒక వైపు, గాలి దానికి ఎదురు వైపు ఉంటే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. గాలి సూచన ఒకటే అయినా ఆటుపోట్ల సమయాన్ని బట్టి నీళ్ల తీరు మారిపోతుంది.

తోడు ఉండటమంటే పిలిస్తే పలికేంత దూరంలో ఉండటం. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో తెడ్డు వేస్తే నిమిషానికి 80 మీటర్ల పైచిలుకు. రెండు నిమిషాల్లో అందాలంటే మధ్య దూరం 150 మీటర్లు దాటకూడదు. పది నిమిషాల్లో రెండు ప్రయాణానికే పోయాయని మరవకండి. అందాక తన పడవను పడ్డవాడి పడవ పక్కన ఆనించి, ఒంటి బరువంతా దానిమీద వాల్చి గట్టిగా పట్టుకుంటే, అవతలివాడు ఎక్కడం సగం తేలిక.

సాయం పిలవడం

ఫోన్ ఉంది కదా అంటారు. తడి వేళ్లకు, చల్లటి వేళ్లకు టచ్ తెర పలకదు. సముద్రంలోనైతే నీటి మీద తేలే రకం వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలవాళ్లు మాట్లాడుకునే చేతి రేడియో) కావాలి, అది పడవకు కాదు, జాకెట్‌కు ఉండాలి. ఛానెల్ 16 అంతర్జాతీయ ఆపద ఛానెల్. మేడే (ఆపద పిలుపు) అని మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది, ఇదే వరస. ఈ మాటలు రాసిన చీటీని నీళ్లు తగలకుండా రేడియో వెనక అంటించుకుంటే వణుకుతూ వెతుక్కోనక్కర్లేదు. డీఎస్‌సీ, అంటే ఆపద కబురును దానంతట అదే పంపే ఏర్పాటు, ఉన్న రేడియో అయితే ఎర్ర బొత్తాన్ని కొన్ని సెకన్లు నొక్కిపెడితే మీ గుర్తింపు అంకె, చోటు రెండూ అదే పంపుతుంది. ముందే ఆ అంకె నమోదు చేసి, రేడియోలో వేసుకుని ఉండాలి. చేతి రేడియో చూపు సాగినంత మేరే పనిచేస్తుంది. నీటి మట్టంలో తల ఉన్న మనిషికి అది తక్కువే.

రేడియో అందని చోట్లకు పీఎల్‌బీ, అంటే ఒంటి మీద ఉంచుకునే ఆపద సంకేత పరికరం. 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు, 121.5 మీద దగ్గరికొచ్చిన రక్షకులకు సంకేతం ఇస్తుంది, కనీసం 24 గంటలు పలుకుతుంది. యాంటెనా విప్పి ఆకాశం కనిపించేలా పట్టుకోవాలి, నీళ్లలో మునిగితే సంకేతం పోదు. దీన్నీ రేడియోనీ ఒక్క చేత్తో, గ్లవ్స్‌తో, కళ్లు మూసుకుని తీయగలరేమో ఇంట్లో చూసుకోండి. వీటికి తోడు లోపల గుండు లేని విజిల్ ఒకటి జాకెట్‌కు వేలాడుతుండాలి, గొంతు పోయాక కూడా అది పలుకుతుంది.

ఎంత ప్రయత్నించినా ఎక్కలేకపోతే బలం ఖర్చుపెట్టడం ఆపాలి. పిలవాల్సినవాళ్లను పిలిచి, వీలైతే తలకిందులైన పడవ మీదికైనా ఒంటిని వీలైనంత ఎక్కించి, పట్టీ ఉచ్చులో మణికట్టు దూర్చి ఉండాలి. పడవ కూడా పోతే మోకాళ్లు ఛాతీకి ముడిచి, చేతులు చంకల్లో బిగించి తేలాలి. మరీ దగ్గరైతే తప్ప ఒడ్డుకు ఈదే ఆలోచన వద్దు.

ఎక్కాక, ఒడ్డు చేరాక

ఎక్కేశాం, ఇంకో గంట గాలం వేద్దాం అనుకునేవాళ్లు ఉంటారు. వేట అక్కడితో సరి. టోపీ పెట్టుకుని, గాలి ఆపే పలచటి పొర జాకెట్ మీదే కప్పుకుని, దగ్గరి ఒడ్డుకు పోవాలి. బండి పెట్టిన ఒడ్డే కానక్కర్లేదు. తోడువాడు మాట ముద్దగా మాట్లాడుతున్నా, చేతిలోవి జారవిడుస్తున్నా, ఊరికే చిరాకు పడుతున్నా ఒంటి వేడి 35 డిగ్రీల దిగువకు జారుతోందేమోనని చూడాలి. నాకేం కాలేదు అని వాడు అన్న మాటకు అప్పుడు విలువివ్వకూడదు. బాగా వణికినవాడు ఉన్నట్టుండి వణకడం మానేస్తే అది మంచి సూచన కాదు.

అలాంటివాణ్ణి నడిపించకూడదు. పడుకోబెట్టి, తడి బట్టలు మెల్లగా, కావాలంటే కోసి తీసేసి, పొడి బట్టలో దుప్పటిలో చుట్టి, కింద కూడా ఏదైనా పరచాలి. వేడి ఛాతీకి, చంకలకు పెట్టాలి, చర్మానికి నేరుగా కాకుండా గుడ్డ చుట్టి. కాళ్లూ చేతులూ రుద్దకూడదు, వేణ్నీళ్లలో దింపకూడదు. పూర్తి తెలివిలో ఉండి మింగగలిగితేనే తియ్యటి వేడి పానీయం. నీళ్లలోంచి తీశాక కూడా కొందరు కుప్పకూలుతారు, అందుకే కదిలించడం ఎంత తక్కువైతే అంత మంచిది. నీళ్లు మింగి దగ్గుతున్నవాణ్ణి, ఇప్పుడు బాగానే ఉన్నాడనిపించినా, ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరితిత్తుల్లో తేడా కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ఇంకొకటి మిగిలింది. బయల్దేరే ముందు ఒక మనిషికి ఎక్కడ దిగుతున్నారో, ఎటు వెళ్తున్నారో, పడవ ఏ రంగుదో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఎన్నింటిదాకా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాసిచ్చి ఉంటారు. తిరిగొచ్చాక పడవ బండికెక్కించి, చేపలు కడిగి, సూట్ ఉప్పు వదిలేలా మంచినీళ్లతో కడిగే హడావిడిలో ఆ మనిషికి ఫోన్ చేయడమే మరిచిపోతారు. సూట్ జిప్ విప్పకముందే చేయండి.